చప్పుడు కాని డబ్బా

కిటికీలోంచి అందుకున్న తెల్ల డబ్బా మూత తిప్పి, ఆమె మొదట చేసిన పని అందులో దూది కుక్కడం. దూది కొత్తది కాదు. పోయిన నెల డబ్బాలోంచి తీసి, కొంగు చివర ముడేసి తెచ్చుకున్నది. మాత్రల మీద మెత్తగా అదిమి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంది. చప్పుడు లేదు. అప్పుడు గానీ సంచీలో పెట్టుకోలేదు.

"బస్సు కుదుపులకి గలగలమంటదండీ. పక్కన కూర్చున్నోళ్ళు ఏం మందులమ్మా అని అడుగుతారు" అంది, నేను చూడటం గమనించి.

కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం వరండా అది. ఆమె పేరు, ఊరు రాయను. ఆమె ఇంటికి దగ్గర్లోనే ఇంకో కేంద్రం ఉంది. అక్కడైతే తెలిసిన మొహాలు ఎదురవుతాయని రెండు బస్సులు మారి ఇంత దూరం వస్తుంది. లోపలి నుంచి ఫార్మసిస్టు కేకేశాడు: "డబ్బాలో చిన్న పొట్లం ఉంటది చూడమ్మా, అది పారెయ్యబాకండి. మాత్రకి చెమ్మ పట్టకుండా కాపాడేది అదే." ఆమె తలూపింది. ఇంటికెళ్ళాక మాత్రల్ని వేరే సీసాలోకి మార్చేవాళ్ళు, డబ్బా మీది కాగితం గోళ్ళతో గీకేసేవాళ్ళు చాలామంది ఉంటారని ఆయనకు తెలుసు. దాచుకోబోయి మందునే పాడుచేసుకుంటారని ఆయన బాధ.

నెలకు 30 మాత్రలు, రోజుకొకటి. అందులోనే మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. "మొదట్లో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేదాన్ని. ఆ మందుకి చెంపలు పీక్కుపోయినయ్. మొహం చూసే కనిపెట్టేసేవాళ్ళు" అంది. స్టావుడిన్ అనే ఆ మందును ఏనాడో పక్కన పెట్టేశారు. ఇప్పుడామె మొహం నిండుగా ఉంది. 14 ఏళ్ళుగా ఒక్క నెల మందు తప్పలేదు. చేతిలో వైరల్ లోడ్ పరీక్ష కాగితం ఉంది. రక్తంలో వైరస్ దొరకలేదని అందులో రాసుంది.

"దీనర్థం ఏంటో చెప్పారా అమ్మా?" అని అడిగాను.

"బాగుందన్నారండీ."

అంతే. 14 ఏళ్ళలో ఆమెకు చేరింది ఆ ఒక్క మాట. ఆ కాగితంలో ఎంత పెద్ద కబురుందో ఆమెకు తెలియదు. ఆమె పక్కింటివాళ్ళకూ, చదువుకున్న మనలో చాలామందికీ తెలియదు. ఈ వ్యాసం ఆ కబురు కోసమే.

*

2000ల మొదట్లో తెలుగునేల మీద బస్టాండ్లలో, కూడళ్ళలో ఒక ప్రశ్న వెలిసింది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఎవరీ పులిరాజా, ఎవరీ ప్రశ్న వేసింది అని టీకొట్ల దగ్గర చర్చలు. కాలేజీల్లో ఆ పేరుతో ఏడిపించుకోవడాలు. అది ఎయిడ్స్ నివారణ ప్రచారమని తర్వాత తెలిసింది. ఆ ప్రచారం చేసిన మేలును తక్కువ చెయ్యను. అప్పటిదాకా ఇంట్లో పలకడానికి వీల్లేని మాటను అది నలుగురి నోటా పలికించింది. దేశంలో హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటిగా ఉన్న రోజులవి. భయపెట్టాల్సిన అవసరం అప్పుడుంది.

అదే కాలంలో, 2003లో, మా వీధి చివరింట్లో ఒక లారీ డ్రైవరు పోయాడు. కలకత్తా లైన్లో తిరిగేవాడు. ఆరు నెలలు దగ్గీ, విరేచనాలయ్యీ, ఎముకల గూడైపోయాడు. పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఇద్దరు, అతని బావమరిది, మేస్త్రీ ఒకతను మోశారు. పరుపుతో పాటు అతను తిన్న కంచం కూడా పారేశారు. తర్వాత అతని భార్య మా ఇంటికొస్తే మా అమ్మ టీ ఇచ్చింది. ఆమె వెళ్ళాక ఆ స్టీలు గ్లాసును మరిగే నీళ్ళలో వేసి, కడిగి, అటక మీద విడిగా పెట్టింది. మా అమ్మ ఎవరికీ చెడు తలచే మనిషి కాదు. నేను డిగ్రీ చదువుతున్నాను, తెలిసినవాణ్ణే, చూస్తూ ఊరుకున్నాను. ఆమె మళ్ళీ మా ఇంటికి రాలేదు.

ఉచితంగా మందులివ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అతను ఒక్క ఏడాది బతికి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

*

అసలు ఈ వైరస్ చేసే పని ఏమిటి? మన రక్తంలో సీడీ4 అనే తెల్లకణాలుంటాయి. ఒంట్లోకి ఏ క్రిమి వచ్చినా మిగతా కణాలకు కబురు పెట్టి కదిలించేవి ఇవే. హెచ్‌ఐవీ సరిగ్గా వీటినే పట్టుకుంటుంది. లోపలికి దూరి, తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసి, మన కణం డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. ఇక ఆ కణం తన పని మానేసి వైరస్‌ను తయారుచేసి పెడుతుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో, ఒక ఘనపు మిల్లీమీటరుకు, 500 నుంచి 1500 దాకా ఉండే సీడీ4 కణాలు ఏళ్ళు గడిచేకొద్దీ తరిగిపోతాయి. 200 కంటే కిందికి పడ్డా, ఆ బలహీనతను చూసుకుని కొన్ని ప్రత్యేకమైన జబ్బులు కమ్ముకున్నా, ఆ దశ పేరు ఎయిడ్స్. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళందరికీ ఎయిడ్స్ ఉన్నట్టు కాదు. మందు వేసుకుంటే ఎప్పటికీ ఆ దశ రాకుండానే బతకొచ్చు.

సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వస్తాయి. మామూలు జ్వరమనుకుంటారు, అదే తగ్గిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది, పదేళ్ళ దాకా ఏమీ తెలియకపోవచ్చు. మనిషి పొలం పనికి వెళ్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

మందులతో దీన్ని పూర్తిగా ఎందుకు తుడిచెయ్యలేమో పొలం తెలిసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. చేలో తుంగ చూడండి. పైన ఎంత పీకినా గడ్డ మట్టిలో నిద్రపోతూ ఉంటుంది. కలుపు తీయడం మానిన వారానికే మొలుస్తుంది. హెచ్‌ఐవీ కూడా కొన్ని కణాల డీఎన్‌ఏలో అలా నిద్రపోతుంది. మందు పెరిగేదాన్ని ఆపగలదు గానీ నిద్రపోయేదాన్ని తాకలేదు. అందుకే మానకూడదు. ఎముక మూలుగ మార్పిడితో పూర్తిగా నయమైనవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ళలో మొదటివాడు బెర్లిన్‌లో వైద్యం చేయించుకున్న టిమోతీ రే బ్రౌన్. ఆయనకు ఆ వైద్యం చేసింది రక్త క్యాన్సర్ కోసం. ఆ పద్ధతి అందరికీ చేసేది కాదు. ఇక పసరుతో నయం చేస్తామనే ప్రకటనలు మన గోడల మీద ఇంకా కనిపిస్తాయి. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందు గురించీ చెప్పుకోకూడదని మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె నిషేధించింది. ఆ ప్రకటన నమ్మి మాత్రలు మానేసి, టీబీతో మంచాన పడి తిరిగొచ్చినవాళ్ళ గురించి ఏఆర్‌టీ కేంద్రంలో ఏ కౌన్సెలర్‌ను అడిగినా చెబుతారు.

*

సోకే దారులు నాలుగే. రక్షణ లేని లైంగిక సంబంధం. వైరస్ ఉన్న రక్తం ఎక్కించుకోవడం. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చడం. తల్లి నుంచి బిడ్డకు, కడుపులోనో కాన్పులోనో పాల ద్వారానో. కలిసి తినడం, కౌగిలించుకోవడం, ఒకే మరుగుదొడ్డి వాడటం, దగ్గు, తుమ్ము, కన్నీరు, చెమట, ఉమ్మి వీటిలో ఏదీ దారి కాదు. మా అమ్మ మరగబెట్టిన గ్లాసులో ఏమీ లేదు.

దోమ గురించి ఇప్పటికీ అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. మలేరియా వస్తోంది కదా, ఇదెందుకు రాదు? దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది తన ఉమ్మిని, ఇంతకుముందు పీల్చిన రక్తాన్ని కాదు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి ఆ ఉమ్మిలోకి చేరగలదు. హెచ్‌ఐవీ దోమ పొట్టలో అరిగిపోతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమందికి సోకింది లైంగిక సంబంధాల ద్వారానే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. తెలుగువాళ్ళ విషయంలో ఇది పాతబడిన సంగతి కాదని ఆ అంకెలే చెబుతున్నాయి. ఆ లెక్కలో సెక్స్ వర్కర్లున్నారు, మగవారితో సంబంధమున్న మగవారున్నారు, ట్రాన్స్‌జెండర్లున్నారు. భర్తను తప్ప ఇంకొకరిని ఎరగని ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. వరండాలో నా పక్కన కూర్చున్నామె వాళ్ళలో ఒకరు.

కండోమ్ వాడితే ఈ దారి మూసుకుంటుంది. 1968 నుంచి 'నిరోధ్' పేరుతో మన దేశంలో అందరికీ తెలిసిందే. అయితే సరిగా వాడేవాళ్ళు తక్కువ. కొబ్బరినూనె రాస్తే లాటెక్స్ బలహీనపడి చిరుగుతుంది, నీటితో చేసిన జెల్ వాడాలి. జేబు పర్సులో నెలల తరబడి పెట్టుకున్నది పనికిరాదు. సుఖవ్యాధుల పుండ్లు ఉంటే హెచ్‌ఐవీ సోకే ప్రమాదం పెరుగుతుంది, సిగ్గుపడి దాచుకోకుండా వాటికి వైద్యం చేయించుకోవాలి.

సూది సంగతి కొంచెం ఆగి చెప్పాలి. జ్వరమొస్తే సూది వేస్తేనే తగ్గుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. మాత్ర రాసిచ్చే డాక్టరు కంటే సూది వేసే ఆర్‌ఎంపీకే పేరు. ఆ నమ్మకానికి వెల ఎంతో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో 2018లో తెలిసింది. ఊళ్ళు తిరుగుతూ ఒకే సిరంజితో అందరికీ సూదులు వేసిన నాటు వైద్యుడి దగ్గర పదుల మందికి హెచ్‌ఐవీ సోకిందని తేలింది. మరుసటి ఏడాది పాకిస్తాన్‌లోని రతోదేరోలో వందల మంది పసిపిల్లలు. వాళ్ళలో చాలామంది తల్లులకు వైరస్ లేనే లేదు. సూది తప్పదనుకున్న రోజున మన కళ్ళ ముందు కొత్త సిరంజి పొట్లం చింపమని అడగాలి. అడిగితే డాక్టరు ఏమనుకుంటాడో అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు.

రక్తం ఎక్కించుకునేటప్పుడు లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు నుంచే తీసుకోవాలి. దానంగా వచ్చిన ప్రతి సీసానూ హెచ్‌ఐవీకి పరీక్షించాలన్నది చట్టం. డబ్బుకి రక్తం అమ్ముకునే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా 1998 నుంచి నిషేధించారు.

*

పొరపాటు జరిగిపోయిందనుకుందాం. కండోమ్ చిరిగింది, నర్సు వేలికి సూది గుచ్చుకుంది, ఒక అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ ఒంట్లో కుదురుకోకుండా అడ్డుకోవచ్చు. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు, గంటలు కూడా లెక్కే. ఈ సంగతి తెలియక, ఆ మూడు రోజులూ గుడి చుట్టూ తిరిగి నాలుగో రోజున ఆసుపత్రికి వచ్చిన యువకుణ్ణి నేను చూశాను. దయచేసి ఈ 72 గంటల మాట మీకు తెలిసిన పిల్లలకు చెప్పండి.

పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రంలో ఉచితం. ఫలితం మీకు తప్ప ఇంకెవరికీ చెప్పరు. ఒక్క చిక్కుంది. వైరస్ సోకిన వెంటనే పరీక్షలో కనపడదు. యాంటీబాడీలు తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ మధ్యలో నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకుండా మూడు నెలలు దాటాక మళ్ళీ చేయించుకోవాలి. ఏ అనుమానమున్నా 1097కు ఫోన్ చెయ్యొచ్చు. డబ్బులు పడవు.

గర్భిణికి మొదటి నెలల్లోనే ఈ పరీక్ష చెయ్యడం వల్ల దక్కిన ప్రాణాలు ఎన్నో. వైద్యమేమీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లి మందు వాడి, పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు మందు పట్టిస్తే అది 5 కంటే తగ్గుతుంది. బిడ్డకు ఆరో వారంలో మడమ దగ్గర చిన్నగా గుచ్చి, గుండ్రని గళ్ళున్న మందపాటి కాగితం మీద రక్తపు చుక్కలు అద్దుతారు. ఎండాక లాబ్‌కు పంపుతారు. ఆ కాగితం తిరిగొచ్చేదాకా ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్రపోదో! ఆఖరి మాట పద్దెనిమిదో నెలలో. నా పక్కన కూర్చున్నామె 2005లో కడుపుతో ఉండగా పాజిటివ్ అని తెలుసుకుంది. పద్దెనిమిదో నెలలో కూతురికి నెగెటివ్ వచ్చిన రోజు తారీఖుతో సహా చెప్పింది. పిల్ల పుట్టినరోజు తర్వాత ఇంట్లో ఆమె ఒక్కతే గుర్తుపెట్టుకునే పండగ అది.

*

ఇప్పుడు ఆ కాగితంలోని కబురు.

మందు సక్రమంగా వేసుకుంటే కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలకడగా ఉన్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. తక్కువగా సోకుతుందని కాదు, సోకదు. 2011లో వెలువడ్డ హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం ముందే మందు మొదలుపెడితే సంక్రమణ 96 శాతం తగ్గుతుందని చూపింది. ఆ అధ్యయనంలో చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నారు. తర్వాత యూరప్‌లో పార్టనర్ అనే అధ్యయనం ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని జంటల్ని ఏళ్ళ తరబడి గమనించింది. 2019లో వచ్చిన రెండో విడతలో 782 స్వలింగ జంటలు, కండోమ్ లేకుండా సుమారు 76 వేల కలయికలు. మందు వాడుతున్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు.

ఇది లైంగిక సంబంధం వరకే వర్తించే మాట. సూదులు పంచుకోవడానికో, రక్తదానానికో, ఇతర సుఖవ్యాధులకో ఇది హామీ కాదు. మందు మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఇవన్నీ చెప్పాలి. కానీ వీటిని సాకుగా పెట్టుకుని అసలు మాటే చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఎవరికైనా అంటిస్తానేమో అన్న దిగులుతో సొంత బిడ్డను ముద్దు పెట్టుకోవడం మానేసిన తల్లులున్నారు. పెళ్ళి, సంసారం ఇక తమకు లేవని పాతికేళ్ళకే ముగించుకున్నవాళ్ళున్నారు. పరీక్షకు భయపడేవాళ్ళకు కూడా ఇంతకంటే ధైర్యమిచ్చే కబురు లేదు. ఒకప్పుడు ఊరూరా అంత పెద్ద ప్రశ్న రాశాం. దీన్ని ఏ గోడ మీదా రాయలేదు.

ఇంకో ముచ్చట. ఈ మాత్రల్లో ఎక్కువ భాగం తయారయ్యేది మన దగ్గరే. పరవాడ, నక్కపల్లి, జడ్చర్ల ఫ్యాక్టరీల నుంచి ముడి మందులు, మాత్రలు ఆఫ్రికా దేశాలకు వెళ్తాయి. అరబిందో, హెటిరో, లారస్ మన హైదరాబాద్ కంపెనీలే. ఏడాది వైద్యానికి 10 వేల డాలర్లు దాటే రోజుల్లో, 2001లో, ముంబయికి చెందిన సిప్లా మూడు మందుల్ని 350 డాలర్లకు ఇస్తానంది. 2017 నాటికి, వరండాలో ఆమె అందుకున్న టీఎల్‌డీ మాత్ర ఏడాదికి 75 డాలర్లకు దిగింది. ఆ ఒప్పందంలో అరబిందో ఉంది. ఇప్పుడు ఆరు నెలలకొక ఇంజెక్షన్‌తో హెచ్‌ఐవీ రాకుండా కాపాడే లెనకాపవిర్ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ప్రయోగంలో అది తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ సోకలేదు. దాని జెనరిక్‌ను 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించినవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. కంపాలాలో ఒక అమ్మాయిని కాపాడే మందు మన ఊళ్ళో తయారవుతోంది. ఆ ఊళ్ళోనే ఒకామె డబ్బాలో దూది కుక్కుకుంటోంది.

చట్టం లేక కాదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. ఉద్యోగం, బడి, అద్దె ఇల్లు, వైద్యం దేనికీ ఇది అడ్డు కాకూడదు. అది వచ్చాకే మా బంధువు ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. చెప్పకుండా పరీక్ష చేసి, కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసి, వార్డు బాయ్‌తో సహా అందరికీ తెలిశాక, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. ప్రతి రోగికీ తొడుక్కోవాల్సిన గ్లౌజులే ఆయనకూ చాలు. ఆయన ఫిర్యాదు చెయ్యనన్నాడు. చేస్తే మిగిలిన నలుగురికీ తెలుస్తుందని.

*

మధ్యాహ్నం బస్సు వేళైంది. ఆ కాగితంలోని మాటకు అర్థం నాకు తెలిసినంత ఆమెకు చెప్పాను. కౌన్సెలర్ కూడా వచ్చి కూర్చుని, "అవునమ్మా, నిజమే" అంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. భర్త పోయి పదకొండేళ్ళు.

"పాపకి చెప్పారా అమ్మా?" కౌన్సెలర్ అడిగింది. కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది.

"లేదు మేడం. దానికి డబ్బా చూస్తే చాలు, తెలిసిపోద్ది. అందుకే వంటింటి గూట్లో పప్పుల డబ్బాల ఎనక పెడతా."

సంచీ భుజానికి తగిలించుకుని లేచి, రెండడుగులు వేసి ఆగింది.

"మొన్న దసరాకి వచ్చి వెళ్ళింది. ఆ గూట్లో మధ్యాహ్నం ఎండ పడుద్ది. అది వెళ్ళాక చూస్తే డబ్బా అక్కడ లేదు మేడం. బీరువాలో, చీరెల కింద, చల్లని చోట ఉంది. దూది తియ్యలేదు. ఏం అడగనూ లేదు."